తెగిన పోగు, అతికే చేయి



యాదాద్రి భువనగిరి జిల్లాలో, ఆలేరు పక్కన శారాజీపేట. అక్కడి చేనేత ఇళ్లలో చీర పని మగ్గం మీద మొదలవదు, ఆసు దగ్గర మొదలవుతుంది. ఒక పక్కన ఒంటి మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస. సన్నటి పట్టుపోగును ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ అక్కడి నుంచి ఇక్కడికి చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని, అదీ ఎక్కువగా ఆడవాళ్ల పని. చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఏళ్ల తరబడి ఆసు పోసింది. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక కొడుకు యంత్రం తయారుచేయడానికి పూనుకున్నాడు. 1999కి అది పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మి ఆసు యంత్రం అన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా కూడా అయింది.

"ఆసు పోసి పోసి రెక్కలు అరిగినయ్" అంటారు అక్కడి ఆడవాళ్లు. భువనగిరి ఖిల్లా కింద అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని పలకరిస్తే "పాణం శాతనైతలేదు బిడ్డా, మోకాళ్లు అరిగిపోయినయ్" అంటాడు. కీలు మధ్య ఉండే మృదులాస్థి నిజంగానే పలచబడుతుంది కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది. కానీ ముసలితనం మొత్తాన్నీ అరుగుదల ఖాతాలో వేస్తే లెక్క కుదరదు. యంత్రంలో పళ్లచక్రం అరిగితే అరిగినట్టే, ఎవరో వచ్చి మార్చాల్సిందే. శరీరానికి ఆ అవసరం లేదు. వేలు తెగితే నాలుగు రోజుల్లో మానుతుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఖిల్లా ఎక్కి దిగినవాడి పిక్కలు రెండు రోజులు సలిపి, ఆ తర్వాత మునుపటికన్నా గట్టిపడతాయి. ఇరవై ఏళ్ల వయసులో ఇంత చక్కగా బాగుచేసుకున్న శరీరం అరవై వచ్చేసరికి ఎందుకు వెనకబడుతుంది? ముసలితనం మీద పనిచేసే శాస్త్రవేత్తలను సతాయిస్తున్న ప్రశ్న ఇదే.

1970 ప్రాంతం దాకా డీఎన్‌ఏ అంటే చెక్కుచెదరని పదార్థమని చాలామంది నమ్మకం. తాతల పోలికలు మనవలకు మోసుకొచ్చేది గట్టిగా ఉండకపోతే ఎట్లా అనుకున్నారు. స్వీడన్‌కు చెందిన తోమస్ లిండాల్‌కు మాత్రం అనుమానం వచ్చింది. డీఎన్‌ఏ ఎంత వేగంగా చెడుతుందో ఆయన కూర్చుని కొలిచాడు. ఏ విషమూ అక్కర్లేదని తేలింది. ఒంట్లో ఉండే నీరు, ఒంటి వేడి చాలు. ఒక్కో కణంలో రోజుకు సుమారు 10 వేల అక్షరాలు గొలుసు నుంచి ఊడిపోతాయి. మరికొన్ని వేరే అక్షరంగా మారిపోతాయి. ఈ లెక్కన భూమ్మీద ఏ ప్రాణీ బతికి ఉండకూడదు. బతికే ఉందంటే లోపల ఏదో ఒకటి ఈ చెడుగును ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉండాలి. అలా సరిచేసే ఎంజైమును 1974లో ఆయన బ్యాక్టీరియాలో పట్టుకున్నాడు. డీఎన్‌ఏ మరమ్మతు మీద చేసిన కృషికి 2015లో లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్ ముగ్గురికీ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

నీటికి తోడు దెబ్బకొట్టేవి ఇంకా చాలా ఉన్నాయి. పీల్చే ఆక్సిజన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ, నమిలే పొగాకు. ఒక్క కణంలోని డీఎన్‌ఏను సాగదీస్తే 2 మీటర్లు. అంత పొడవున రోజూ వేల చోట్ల దెబ్బ.

మరమ్మతు ఎలా జరుగుతుందో పోచంపల్లి నేతగాడికి చెబితే వెంటనే అందుకుంటాడు. చిటికి కట్టి రంగులద్దిన పడుగులో ఒక పోగు తెగిందనుకోండి. ఏదో ఒక దారం తెచ్చి ముడేస్తే సరిపోదు. రంగు ఎక్కడ మారుతుందో చూసి, పక్క పోగుల రంగుతో కలిసేలా కొత్త ముక్క జతచేసి అతకాలి. లేకపోతే చీర మీద బొమ్మ చెదిరిపోతుంది. కణంలోనూ అదే క్రమం. ఒక ఎంజైము చెడ్డ అక్షరాన్ని వెతికి పట్టుకుని తీసేస్తుంది. ఇంకోటి ఆ చోట గొలుసును తెంపుతుంది. పాలిమరేజ్ బీటా అనే మూడోది ఎదుటి పోగును చూసి సరైన అక్షరాన్ని నింపుతుంది. చివరికి లైగేజ్ వచ్చి అతుకు వేస్తుంది. ఈ నలుగురిలో ఏ ఒక్కరు రాకపోయినా అక్కడ ఖాళీ మిగిలిపోతుంది.

ముసలి ఒంట్లో ఈ నలుగురిలో రానిదెవరు? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కల్లూరి సుబ్బారావు దశాబ్దాల పాటు వెంటాడిన ప్రశ్న ఇది. ఆయన ఎంచుకున్న చోటు మెదడు. చర్మకణం చెడిపోతే రాలిపోతుంది, దాని కింద ఇంకోటి పుడుతుంది. మెదడులోని నాడీకణానికి ఆ సౌకర్యం లేదు. పుట్టుకతో వచ్చిన నాడీకణాల్లో అత్యధిక భాగం చివరిదాకా అవే. పైగా శరీరం బరువులో మెదడు వాటా 2 శాతమే అయినా, పీల్చే ఆక్సిజన్‌లో ఐదోవంతు అదే వాడుకుంటుంది. దెబ్బలు ఎక్కువ, కొత్త కణం వచ్చే ఆశ లేదు. అక్కడ మరమ్మతు ఒక్కటే దిక్కు.

1985లో ఆయన అమెరికాలో జార్జ్ మార్టిన్, లారెన్స్ లోబ్‌లతో కలిసి ఒక సంగతి తేల్చారు. లేత చిట్టెలుకల మెదడు నుంచీ, బాగా ముసలి చిట్టెలుకల మెదడు నుంచీ పాలిమరేజ్ బీటాను తీసి పోల్చి చూశారు. ముసలిదాని ఎంజైము తప్పులు ఎక్కువ చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. చేయలేదు. రెండింటి పనితనం ఒక్కటే. అయితే లోపం ఎక్కడ? 2005లో హైదరాబాద్ బృందం వేసిన అడుగు సూటిగా ఉంది. ముసలి ఎలుకల నాడీకణాల సారం తీసి, అందులో ఒక్క అక్షరం ఖాళీ ఉన్న డీఎన్‌ఏ ముక్కను వేశారు. ఖాళీ సరిగా పూడలేదు. అప్పుడు బయటి నుంచి పాలిమరేజ్ బీటా, లైగేజ్ కలిపారు. పూడింది, అతుకూ పడింది. అంటే ముసలి మెదడుకు పని చేతకాక కాదు, పనివాళ్లు చాలక. ఇదంతా పరీక్షనాళికలో జరిగిన పని, బతికున్న మెదడులో కాదు. ఆ జాగ్రత్త చెప్పాక కూడా ఫలితం విలువ తగ్గదు.

నష్టాన్ని కంటితో చూసే పద్ధతి ఒకటుంది. దాని పేరు కామెట్ పరీక్ష. ఒక్కో కణాన్ని అగరోజ్ జెల్‌లో పొదిగి, దాని పైపొరను కరిగించి, కరెంటు పెడతారు. డీఎన్‌ఏ నిండుగా ఉంటే కదలక గుండ్రంగా అక్కడే ఉంటుంది. తెగి ఉంటే ముక్కలు కరెంటుతో పాటు ఒక వైపుకు జారతాయి. రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే తల, వెనక తోక. తోకచుక్క అని పేరు పడింది అందుకే. తోక ఎంత పొడవుంటే నష్టం అంత. 2011లో హైదరాబాద్ బృందమే ఎలుకల మెదడు కణాలను ఇట్లా పరీక్షించింది. వయసు పెరిగిన కొద్దీ తోకలు సాగాయి, మరమ్మతు తగ్గింది. నాడీకణాల్లోనే కాదు, వాటిని కనిపెట్టుకుని ఉండే ఆస్ట్రోసైట్లలోనూ.

ఎలుక మూడేళ్లకే ఎందుకు పోతుంది, ఏనుగు డెబ్భై ఏళ్లు ఎట్లా బతుకుతుంది? 1974లో హార్ట్, సెట్లో అనే ఇద్దరు ఏడు జంతువుల చర్మకణాలు తెచ్చి, వాటి మీద అతినీలలోహిత కాంతి పడేలా చేశారు. ష్రూ అనే చిన్న జంతువు, చిట్టెలుక, ఎలుక, హామ్‌స్టర్, ఆవు, ఏనుగు, మనిషి. ఏ జంతువు ఎక్కువ కాలం బతుకుతుందో దాని కణాలే ఎక్కువ మరమ్మతు చేశాయి. 2019లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో వేరా గోర్బునోవా బృందం 18 రకాల ఎలుక జాతుల్లో రెండు పోగులూ తెగిన గాయాన్ని ఎవరు బాగా అతుకుతారో చూసింది. దీర్ఘాయువున్న జాతులే గెలిచాయి. ఆ తేడాకు పెద్ద కారణం ఎస్‌ఐఆర్‌టీ6 అనే ఒక్క ప్రోటీన్ పనితనమని తేలింది. తగిలిన దెబ్బను బాగా సరిచేసుకునే జాతే ఎక్కువ కాలం బతుకుతోంది.

మనుషుల్లో ఇంతకన్నా గట్టి సాక్ష్యం వెర్నర్ జబ్బు. ఇరవైల్లో జుట్టు నెరుస్తుంది, ముప్పైల్లో కళ్లకు శుక్లాలు వస్తాయి, షుగరు, ఎముకల బలహీనత, గుండెజబ్బు వరస కడతాయి. చాలామంది యాభై దాటగానే పోతారు. 1996లో దానికి కారణమైన జన్యువు దొరికింది. డీఎన్‌ఏ మెలికలు విప్పి మరమ్మతుకు తోడ్పడే ఎంజైమును తయారుచేయించే జన్యువు అది. చర్మం ఎండను ఏమాత్రం తట్టుకోలేని జీరోడెర్మా అనే జబ్బులోనూ పోయినది మరమ్మతే అని 1968లోనే జేమ్స్ క్లీవర్ చూపించారు. ఒక్క జన్యువు పోతే ముసలితనం ముందుకు జరుగుతోందంటే అరుగుదల లెక్క చెల్లదు.

ముసలితనంలా కనిపించేదంతా ముసలితనం కాదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నల్లగొండ ప్రాంతపు పెద్దలు మర్రిగూడ వైపు చూసినవే ఉదాహరణ. నలభై ఏళ్లకే నడుం వంగి, కర్ర పట్టుకుని నడిచిన మనుషులు. అది నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని చేసిన పని. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడ్‌ను అంతకు ఎన్నో రెట్లు తాగారు వాళ్లు. మోకాళ్లు లోపలికి వంగిపోయిన ఫ్లోరోసిస్ రోగుల గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. నీళ్లు మారిస్తే రాకుండా ఆపగలిగిన జబ్బు అది. వయసు మీద నెపం వేయడానికి వీల్లేదు.

శుక్లం సంగతి మాత్రం వేరు. మహబూబ్‌నగర్, హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్ జిల్లాల్లో 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ 10,293 మందిని పరీక్షించింది. ప్రతి వందమందిలో దాదాపు ఇద్దరు అంధులు. అంధత్వానికి అన్నిటికన్నా ముందున్న కారణం శుక్లం. కంటి కటకానికే ఈ గతి ఎందుకు పడుతుంది? కటకం నడిబొడ్డున ఉండే కణాలు బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడే తయారవుతాయి. వెలుతురుకు అడ్డు రాకుండా అవి తమ కేంద్రకాన్నీ మైటోకాండ్రియానూ వదిలేసుకుంటాయి. డీఎన్‌ఏ లేదు, కొత్త ప్రోటీన్ తయారుకాదు, మరమ్మతు సామగ్రి కొత్తగా రాదు. పుట్టినప్పుడున్న ప్రోటీనే ఎనభై ఏళ్లు ఎండనూ పొగనూ షుగరునూ కాయాలి. మరమ్మతు లేని చోట ముసలితనం ఎట్లా ఉంటుందో చూడాలంటే తెల్లబడిన కంటిపాపలోకి చూస్తే చాలు.

ఇక ఈ కథలో రెండో సగం, శక్తి సంగతి. మరమ్మతుకు శక్తి కావాలి. ఆ శక్తి ఏటీపీ రూపంలో వస్తుంది. ఏటీపీని కనుక్కున్నవాళ్లలో ఒకరు తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో పనిచేస్తూ 1929లో కండరాల నుంచి ఆ పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నాడు. అంతకు ముందు 1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి రూపొందించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ ప్రయోగశాలలో వాళ్ల పేర్లతోనే పిలుస్తారు. ఏటీపీని కణంలో ఎక్కువగా తయారుచేసేవి మైటోకాండ్రియా. దాన్ని నిలవ పెట్టుకునే వీలు లేదు. కాబట్టి ఒక్కో మనిషి ఒళ్లు రోజు మొత్తం మీద తన బరువంత ఏటీపీని తయారుచేసి, ఖర్చుపెట్టి, మళ్లీ తయారుచేస్తుంది.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది. 16,569 అక్షరాలు, 37 జన్యువులు. 1981లో కేంబ్రిడ్జ్‌లో దాన్ని పూర్తిగా చదివారు. అది అమ్మ నుంచే వస్తుంది, నాన్న వాటా లేదు. ఆక్సిజన్ ఖర్చయ్యే చోటే ఉంటుంది కాబట్టి దెబ్బలు తినే ప్రమాదమూ దానికే ఎక్కువని డెన్హామ్ హార్మన్ 1972లో వాదించాడు. ఒంట్లో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులే ముసలితనానికి మూలమని 1956లోనే ప్రతిపాదించినవాడాయన. చాలాకాలం అదే చివరి మాట అనుకున్నారు. యాంటీ ఆక్సిడెంట్ అని రాసి ఉన్న ప్రతి డబ్బా వెనకా ఆయన సిద్ధాంతమే ఉంది.

2004లో స్వీడన్‌లో ఒక చిట్టెలుకను తయారుచేశారు. మైటోకాండ్రియా డీఎన్‌ఏను నకలు తీసే ఎంజైములో తప్పులు దిద్దే భాగాన్ని మాత్రం పనిచేయకుండా చేశారు. ఆ చిట్టెలుకలు పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నాయి. ఆరు నెలలు వచ్చేసరికి బొచ్చు నెరిసి రాలింది, వీపు వంగింది, ఎముకలు పెళుసుబారాయి, రక్తం తగ్గింది. సగం చిట్టెలుకలు 48 వారాల్లోపే పోయాయి. మరుసటి ఏడాది అమెరికాలోనూ ఇట్లాంటి ఫలితమే వచ్చింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ చెడితే ముసలితనం వస్తుందని అంతకన్నా స్పష్టంగా ఎవరూ చూపలేదు. అయితే ఒక మెలిక ఉంది. ఆ ఒళ్లలో ఆక్సిజన్ వల్ల అయ్యే నష్టం అనుకున్నంత పెరగలేదు. హార్మన్ చెప్పిన దొంగ దొరకలేదు కానీ ఇల్లు మాత్రం ఖాళీ అయింది. సందేహించేవాళ్లకూ ఒక మంచి ప్రశ్న ఉంది. ఈ చిట్టెలుకల్లో పేరుకున్నన్ని తప్పులు మామూలు ముసలి ఒంట్లో కనిపించవు కదా అంటారు వాళ్లు. ఆ వాదం ఇంకా తెగలేదు.

డీఎన్‌ఏ మరమ్మతు, మైటోకాండ్రియా ఈ రెండూ కలిసే చోటును తెలంగాణ జొన్న రైతులు తమకు తెలియకుండానే చూపించారు. దక్కను పీఠభూమిలో జొన్నరొట్టె, జొన్నగటక మీదే బతికే నిరుపేదల్లో ఒక జబ్బు ఉండేది. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లగా మాడి పొరలు లేచేది. విరేచనాలు, ఆ తర్వాత మతి చెదరడం. పేరు పెల్లాగ్రా. పోషకాహార సంస్థలో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య ఈ రోగులను పరిశీలించి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం వల్ల నయాసిన్ విటమిన్ ఒంటికి సరిగా అందడం లేదని 1960లో లాన్సెట్‌లో రాశారు. లూసిన్ వాదన మీద తర్వాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి. నయాసిన్ లోటే జబ్బుకు మూలమన్న దాంట్లో మాత్రం తేడా లేదు. షుగరుకు మంచిదని జొన్నరొట్టె తింటున్న శ్రోతలు కంగారు పడనక్కర్లేదు. ఆ రోజుల్లో జబ్బు పడ్డవాళ్ల కంచంలో జొన్న తప్ప పప్పు, పాలు, మాంసం దాదాపు లేవు. తిండి మారాక జబ్బు దాదాపు కనుమరుగైంది. 

నయాసిన్‌తో కణం ఎన్‌ఏడీ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. తిండి నుంచి శక్తి తీయాలంటే మైటోకాండ్రియాకు ఎన్‌ఏడీ కావాలి. డీఎన్‌ఏ తెగిన చోట ముందుగా వచ్చి వాలే పార్ప్ అనే ఎంజైముకూ ఎన్‌ఏడీయే కావాలి, అదీ ధారాళంగా. గోర్బునోవా దీర్ఘాయువు జాతుల్లో చూసిన ఎస్‌ఐఆర్‌టీ6 కూడా అది లేనిదే పనిచేయదు. ఒకే నిల్వ మీద ఇన్ని చేతులు. డీఎన్‌ఏకు గాయాలు ఎక్కువైతే పార్ప్ ఎన్‌ఏడీని లాగేసుకుంటుంది, మైటోకాండ్రియా పస్తుంటాయి. జీరోడెర్మా జబ్బు కణాల్లో సరిగ్గా ఇదే జరుగుతోందనీ, పాడైన మైటోకాండ్రియాను ఏరివేసే పని కూడా కుంటుపడుతోందనీ అమెరికాలోని జాతీయ వృద్ధాప్య సంస్థలో విల్‌హెల్మ్ బోర్ బృందం 2014లో చూపింది. వయసుతో పాటు ఎన్నో కణజాలాల్లో ఎన్‌ఏడీ తగ్గుతుందని జంతువుల్లో, కొంతవరకు మనుషుల్లోనూ తేలింది. కేంద్రకంలోని డీఎన్‌ఏ, మైటోకాండ్రియా విడివిడిగా చెడవు, ఒకదాన్ని ఇంకోటి ఈడ్చుకుపోతాయి. అంతదాకా రెండు వేర్వేరు వర్గాలుగా ఉన్న పరిశోధకులు ఇప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నది అందుకే.

తార్నాకలోని పోషకాహార సంస్థలో ఇంకో కథ నడిచింది. 1920 నుంచి పెంచుతూ వచ్చిన విస్టార్ ఎలుకల సంతతిలో 1996లో ఎన్.వి.గిరిధరన్ బృందానికి విపరీతంగా లావెక్కుతున్న ఎలుకలు కనిపించాయి. ఎవరూ జన్యువులు మార్చలేదు, దానంతట అదే వచ్చిన మార్పు. వాటిని విడిగా పెంచి కొత్త రకంగా నిలబెట్టారు. ఊబకాయం ఒక్కటే అయితే ఇక్కడ చెప్పుకోనక్కర్లేదు. ఆ ఎలుకలకు పిల్లలు పుట్టవు, ఏడాది దాటితే కళ్లకు శుక్లాలొస్తాయి, గడ్డలు లేస్తాయి. సన్నగా ఉన్న తోటి ఎలుకలు మూడేళ్లు బతికితే ఇవి అందులో సగం కూడా కష్టమే. 2014లో మంచాల రఘునాథ్ బృందం వాటి మెదళ్లను పరిశీలించింది. ఆలోచనకూ జ్ఞాపకానికీ ఆధారమైన భాగాల్లో ఆక్సిజన్ దెబ్బలు, డీఎన్‌ఏ నష్టం రెండూ సన్న ఎలుకలకన్నా ఎక్కువ. అతిగా తిని కూర్చునే ఒళ్లు తొందరగా ముసలిదవుతుందనే సామాన్యుడి అనుమానానికి ఆ ఎలుక ఒక ఆధారం. మనిషి ఎలుక కాదు కాబట్టి ఆధారం అంతవరకే.

డీఎన్‌ఏను కావాలని చెడగొట్టి చూసే ప్రయోగం మనుషుల మీద చేయకూడదు. అయినా ఒకరకంగా జరిగిపోయింది, అదీ ప్రాణం కాపాడటానికి. చిన్నపిల్లల రక్త క్యాన్సర్‌ను మొదటిసారి కొంతకాలమైనా వెనక్కి నెట్టిన మందు అమినోప్టెరిన్. అది లెడర్లీ సంస్థలో ఆ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోనే తయారైంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. డీఎన్‌ఏ తయారీని అడ్డుకోవడమే దాని పని. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్లకు గుండెపోటుతో పోయారు. తర్వాతి దశాబ్దాల్లో ఇంకా గట్టి మందులు, రేడియేషన్ కలిపి వేలాది పిల్లలను బతికించారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆస్పత్రి పరీక్షించి చూసింది. సగటు వయసు 33 ఏళ్లు. అయినా కండ తగ్గడం, నీరసం, నడక మందగించడం లాంటి లక్షణాలు 65 దాటినవాళ్లలో కనిపించేంత మేర కనిపించాయి. క్యాన్సర్ కణాల డీఎన్‌ఏను తెంచిన చికిత్స మంచి కణాలనూ వదల్లేదు. ప్రాణం దక్కిందన్న సంతోషం ముందు ఇది చిన్నదే. ముసలితనం గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం పెద్ద సంగతి.

మరి మందేమిటి అంటే, మందుల దుకాణంలో మాత్రలకు కొదవ లేదు. యాంటీ ఆక్సిడెంట్లు, ఎన్‌ఏడీ పెంచుతామనే గోళీలు, యూట్యూబులో పుట్టగొడుగుల పొడులు. మాత్రలతో ఆయుష్షు పెరిగినట్టు మనుషుల్లో ఇప్పటిదాకా రుజువు లేదు. పైగా హెచ్చరిక ఉంది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకు కొన్నేళ్లపాటు బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఇచ్చి చూశారు. 1994లో లెక్క తీస్తే బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా ఉంది. మందు ఇచ్చింది కాపాడదామని.

నడక, పరుగు సంగతి ఇంతకన్నా ఆశాజనకం. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో తప్పులు దిద్దుకోలేని ఇందాకటి రకం చిట్టెలుకలనే కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్క్ టార్నోపోల్‌స్కీ బృందం వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించింది. ఐదు నెలలు గడిచాయి. కూర్చున్నవి నెరిసి, కుంచించుకుపోయి ఉంటే, పరుగెత్తినవి మామూలు చిట్టెలుకల పక్కన పెడితే గుర్తుపట్టలేనట్టు ఉన్నాయి. ఎంజైములో తప్పులు దిద్దే భాగం వాటికి అప్పటికీ పనిచేయడం లేదు. అయినా మైటోకాండ్రియా పెరిగాయి, కండ నిలిచింది. 2011లో ఈ ఫలితం వచ్చింది.

జర్మనీలో మైకేల్ రిస్టో 2009లో మనుషులతో చేసిన పరీక్ష దీనికి తోడు. నలభై మంది దాకా కుర్రవాళ్లతో నాలుగు వారాలు వ్యాయామం చేయించాడు. సగం మందికి రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ కూడా ఇచ్చాడు. మాత్రలు లేకుండా చెమటోడ్చినవాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, ఒంటి సొంత రక్షణ ఎంజైములు పెరిగాయి. మాత్రలు వేసుకుని అంతే చెమటోడ్చినవాళ్లలో ఆ లాభం కనిపించలేదు. కండ పనిచేసినప్పుడు పుట్టే కొద్దిపాటి ఆక్సిజన్ తాకిడే మైటోకాండ్రియాను పెంచుకోమని, మరమ్మతు సామగ్రి సిద్ధం చేసుకోమని కణానికి అందే కబురు అనీ, మాత్ర ఆ కబురును దారిలోనే ఆపేసిందనీ రిస్టో వివరణ. ఆ తర్వాత ఇట్లాంటి పరీక్షలు వేరేచోట్లా జరిగాయి. కొన్నింటిలో ఇదే తేలింది, కొన్నింటిలో తేడా అంతగా కనిపించలేదు. ఎంత మోతాదుకు, ఏ వయసువాళ్లలో ఆ కబురు ఆగిపోతుందన్నది ఇప్పుడు ప్రయోగశాలల్లో నలుగుతున్న విషయం.